నూకరాజు కుడి బుగ్గ

2022 ఆగస్టు. అనకాపల్లిలో నేను పనిచేసే ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమచేతి వైపు ఒక చిన్న గది ఉంది. స్టాఫ్ నర్సుగా నాది ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో తొమ్మిదేళ్లు ఆ గది తలుపు బయట, ఒక స్టూలు మీద గడిచాయి. లోపల మగవాళ్లు మూత్రం పోస్తుంటారు, బయట కూర్చుని నేను వింటుంటాను. మా ఆయన ఈ సంగతి చుట్టాల దగ్గర ఎత్తవద్దంటాడు. ఇంజక్షన్లు చేస్తుందని చెబితే సరిపోతుంది కదా అని ఆయన బాధ.

ఆ గదిలో చేసే పరీక్షను యూరోఫ్లో అంటారు. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక గరాటు, దాని కింద గాజు బీకరు, బీకరు కింద బరువు తూచే చిన్న పళ్లెం. మనిషి కడుపునిండా నీళ్లు తాగి, ఇక ఆగలేను అన్నంతవరకు ఆగి, లోపలికి వెళ్లి ఆ గరాటులో పోస్తాడు. సెకనుకు ఎంత పడుతోందో పళ్లెం కనిపెడుతుంది, బయట నా పక్కనున్న మిషను కాగితం మీద గీత గీస్తుంది. దారి బాగున్నవాడి గీత మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, దూరాన కనిపించే కొండలా ఉంటుంది. దారి ఇరుకైనవాడి గీత కొంచెం లేచి అక్కడే ఆగిపోతుంది. తర్వాత బల్లపరుపుగా అలా సాగుతూనే ఉంటుంది, కాగితం అయిపోతుందేమో అనిపిస్తుంది.

నాకు గీత కంటే ముందు చప్పుడే తెలుస్తుంది. నేను పుట్టింది కొండకర్లలో. ఊరి పక్కనున్న మంచినీళ్ల సరస్సును మేం ఆవ అంటాం. మా నాన్న ఆవలో దోనె నడిపేవాడు. చిన్నప్పుడు ఆ దోనెలో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేదాన్ని. "ఎక్కడున్నాం సెప్పు" అని నాన్న అడిగేవాడు. దోనె అంచుకు నీళ్లు తగిలే చప్పుడును బట్టి నాచులో ఉన్నామో, తామరాకుల్లో ఉన్నామో, లోతులోకి వచ్చేశామో చెప్పేదాన్ని. పదకొండు గంటలప్పుడు ఓపీ గొడవంతా కింది అంతస్తులోనే ఆగిపోతుంది. నా తల మీద వరండా ఫ్యాను తిరుగుతుంటుంది, లోపల నీళ్లు పడుతుంటాయి, నేను స్టూలు మీదే ఉండి ఆవలోకి వెళ్లిపోతాను. ఇది ఉద్యోగానికి పనికొచ్చే గుణమేనా అని నాకే అనుమానం, కానీ ఇన్నేళ్లలో నా చెవి తప్పు చెప్పింది తక్కువ.

నూకరాజు వచ్చిన రోజు వాన పడుతోంది. చీడికాడ దగ్గర పల్లె నుంచి అతని భార్య పైడమ్మ ఆటోలో వేసుకుని తీసుకొచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి, నడుం రెండుగా వంగిపోయి ఉన్నాడు. ముందురోజు పొద్దుటి నుంచి చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. కేథటర్ వేద్దామని చూశాం. కేథటర్ అంటే మూత్రం తీయడానికి లోపలికి పంపే మెత్తని గొట్టం. అది సగం దూరం వెళ్లి గోడకు తగిలినట్టు ఆగిపోయింది. బలవంతం చేయవద్దని డాక్టరుగారు నన్ను ఆపి, మత్తు ఇచ్చి, పొత్తికడుపు మీదే చిన్న రంధ్రం పెట్టి అందులోంచి ఇంకో గొట్టం వేశారు. గొట్టానికి తగిలించిన సంచీ నిండటం మొదలైంది. ఒకటి నిండి రెండోది పెట్టాక నూకరాజు కళ్లు తెరిచాడు.

"వాన ఎలిసిపోయినట్టుందమ్మా" అన్నాడు నాతో.

బయట వాన దంచికొడుతోంది. వెలిసిపోయింది అతని కడుపులోని బాధ. "అవును బాబూ, వెలిసిపోయింది" అన్నాను నేను కూడా.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరుగారు అడిగారు. "ఎప్పుడైనా అక్కడ దెబ్బ తగిలిందా?"

"నేదు బావూ" అన్నాడు నూకరాజు.

"నేదేటి?" అంది పైడమ్మ. "ట్రాక్టరు ట్రక్కు మీంచి పడినావు కాదేటి? రెండు దినాలు రగతం పడనేదా?"

"అది మానిపోనాది కదే."

అలా బయటపడింది. అంతకు ముందు ఏడాది జనవరిలో చెరకు లోడు మీద నిలబడి కట్టలు కిందికి తోస్తుంటే కాలు జారింది. ట్రక్కు పక్క గోడ మీద, గుర్రం ఎక్కినట్టు, రెండు కాళ్ల మధ్య దెబ్బ తగిలేలా పడ్డాడు. రెండు రోజులు మూత్రంలో రక్తం పడింది, వాపు వచ్చింది. పల్లెలో మందులిచ్చే ఆయన సూది వేశాడు. పది రోజుల్లో అంతా మామూలే అనుకున్నారు. మానినట్టే మానుతుంది ఆ గాయం. కానీ మానిన చోట మూత్రనాళం లోపలి పొర గట్టిపడి కాయ కడుతుంది, కాయ కట్టింది మెల్లమెల్లగా దగ్గరికి లాక్కుంటుంది. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దీన్ని యురెత్రల్ స్ట్రిక్చర్ అంటారు. దెబ్బ తగిలిన సంగతి మనిషి మరిచిపోయాక ఆ దెబ్బ తన పని మొదలుపెడుతుంది.

"మరి ఇంతకాలం ధార సన్నబడుతోందని తెలియలేదా?" అన్నారు డాక్టరుగారు.

నూకరాజు ఆయన్ని జాలిగా చూశాడు. "పాకం కాడుండీవోడికి ఉచ్చేటొత్తాది బావూ. అంతా సెమటైపోతాది."

అతని పని బెల్లం గానుగలో పాకం చూడటం. చెరకు రసం పెద్ద పెనంలో పోసి, చెరకు పిప్పితో మంట పెట్టి, గంటలకొద్దీ మరిగిస్తారు. ఎప్పుడు దించాలో చెప్పే మనిషి ఒక్కడే ఉంటాడు. అతను ఊ అంటే దించాలి, లేకపోతే లేదు. ఆ మంట దగ్గర సీజనంతా నిలబడేవాళ్లకు మూత్రం తక్కువే. అందుకని ధార దారంలా సన్నబడ్డా, పది నిమిషాలు నిలబడాల్సి వచ్చినా, నూకరాజు చెమట మీదకే తోసేశాడు. పైగా సంతోషించాడు కూడా. పెనం వదిలి మాటిమాటికి వెళ్లే పని తప్పిందని. సీజను అయిపోయి, వానలు పడి, ఒళ్లు చల్లబడ్డాక అతను అనుకున్న దారి మూసుకుపోయింది. చెమట పట్టడం లేదు, మూత్రమూ రావడం లేదు.

డాక్టరుగారు ముందు తేలిక దారిలో ప్రయత్నించారు. సన్నని కెమెరా గొట్టంతో లోపలికి వెళ్లి, ఇరుకైన చోట కత్తిరించి దారి వదులు చేసి, పొత్తికడుపు గొట్టం తీసేశారు. సెప్టెంబరులో నా గదిలో నూకరాజుకు మొదటి యూరోఫ్లో జరిగింది. ముందు నాలుగు చుక్కలు, తర్వాత సన్న తీగ, తర్వాత ధార. చిన్నదే అయినా గీత కొండలాగే వచ్చింది. కాగితం చూసి డాక్టరుగారు తల ఊపారు.

"ప్రస్తుతానికి బాగుంది. కానీ ఇది మళ్లీ ఇరుకయ్యే జబ్బు నూకరాజూ. నెల నెలా పరీక్షకు రా. గీత పడిపోతే ఇలా కత్తిరిస్తూ కూర్చోం. పెద్ద ఆపరేషన్ చేసి, నోట్లో బుగ్గ లోపలి పొర కొంచెం తీసి అక్కడ అతుకు వేస్తాం. దాన్ని యురెత్రోప్లాస్టీ అంటారు. అప్పుడు నీకు బెంగ ఉండదు."

ఆయన కొండంత ధైర్యం చెప్పినట్టే చెప్పారు. నూకరాజు ముఖం మాత్రం పాలిపోయింది. పెదవులు బిగించి, నాలుకతో బుగ్గను లోపలి నుంచి తడుముకోవడం నేను చూశాను. చూసి, పన్ను నొప్పేమో అనుకున్నాను. అడగవచ్చు కదా? అడగలేదు. వెనక ఇంకో నలుగురు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు.

అక్టోబరులో అతను ఒక్కడే వచ్చాడు. చేతిలో లీటరు నీళ్ల బాటిలుంది. బాటిలు తెచ్చుకోమని నేనే అందరికీ చెబుతాను, అందుకని దాన్ని పట్టుకుని లోపలికి వెళ్లినా పట్టించుకోలేదు. స్టూలు మీద కూర్చుని చెవి అటు వేశాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ధార ఒక్కసారిగా మొదలైంది. మనిషి మూత్రం అలా మొదలవదు. మధ్యలో బుడుంగు బుడుంగుమంది. అలా అనదు. చివర తగ్గటం, చుక్కలు పడటం లేకుండా టక్కున ఆగిపోయింది. దోనెలో చేరిన నీళ్లను మా నాన్న చెంబుతో తోడి బయటికి పోసేవాడు, సరిగ్గా ఆ చప్పుడు. గీత గోడలా నిట్టనిలువుగా లేచి, గోడలాగే కూలింది. నేను లోపలికి వెళ్లి బీకరును రెండు చేతులతో పట్టుకున్నాను. చల్లగా ఉంది.

నూకరాజు బెంచీ మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

"నూకరాజూ, ఇది నీదేనా?"

"నాది కాపోతే ఇంకెవుల్దమ్మా?"

"మరి చల్లగా ఉందేటి?"

కిటికీ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఏసీ గది కదమ్మా."

"ఆ గదికి ఏసీ లేదు నాయనా, ఫ్యాను కూడా లేదు."

కోపం వచ్చేసింది నాకు. తొమ్మిదేళ్లుగా ఆ తలుపు దగ్గర కూర్చున్నదాన్ని. నన్ను కాదు, నా చెవిని అవమానించినట్టు అనిపించింది. "మిషన్ని మోసం చేయగలవు గానీ నన్ను చేయలేవు. నువ్వు బాటిల్లో నీళ్లు పోసేవు. ఎందుకు పోసేవో చెప్పు" అన్నాను.

అతను తగ్గు గొంతుతో అన్నాడు. "గీత బాగోపోతే బుగ్గ కోత్తారు కదమ్మా. బుగ్గ పోతే నాను పాకం సూడనేను."

నవ్వాను. దాచడం దేనికి, గట్టిగానే నవ్వాను. "ఓలమ్మా! రుచి నాలుకకు తెలుస్తాది గానీ బుగ్గకేటి తెలుస్తాది? నీ నాలుక ఎవరూ కోయరులే" అన్నాను. పక్క బెంచీ మీద వాళ్లు కూడా ఇటు తిరిగారు. ఒకాయన నాతోపాటు నవ్వాడు.

నూకరాజు లేచి నిలబడ్డాడు. బాటిలు మూత బిగించాడు. "మీకు నవ్వులాటమ్మా, నాకది బువ్వ" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. డాక్టరుగారిని చూడలేదు, వెనక్కి తిరగలేదు. ఆ కాగితం చింపేసి, పరీక్ష జరగలేదని ఫైలులో రాశాను. డాక్టరుగారికి జరిగింది చెప్పాను, నవ్వానన్న ముక్క తప్ప. ఫోను చేయమన్నారు. చేశాను. మోగి మోగి ఆగిపోయేది. నాకు సిగ్గుగా ఉండేది. ఎంత పని ఉన్నా, ఏ మధ్యాహ్నమో నీళ్ల చప్పుడు వింటూ ఎటో వెళ్లిపోయినప్పుడు, ఆవ బదులు ఆ మెట్లు దిగే చెప్పుల చప్పుడు వినిపించేది.

నవంబరు చివర్లో పైడమ్మ వచ్చింది, ఒక్కర్తే. గుమ్మం దగ్గరే ఆగి, ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టింది.

"మీరు నవ్వేరట కదమ్మా."

"నవ్వేను పైడమ్మా. తప్పు చేసేను."

"సలీ జొరం రెండుపాలు వచ్చింది. గట్టు మీదకెల్లి అరపూట నిలబడతన్నాడు. నీల్లు తాగడం మానీసేడు. తాగితే పొయ్యాల కదాని తాగడు. అదే మంట కాడ మల్లీ నిలబడతన్నాడు. నామాట ఇనడు. మీరు నవ్వేరు కాబట్టి మీరే వచ్చి సెప్పాల."

ఆ లెక్క నాకు న్యాయంగానే తోచింది. చలీ జ్వరం రెండుసార్లు వచ్చిందంటే దారి మూసుకుపోయి మూత్రం నిలవ ఉండి పైకి ఎగదన్నుతోందని అర్థం. అలా వదిలేస్తే కిడ్నీలు పోతాయి. మొదట వచ్చినప్పుడు నొప్పి అతన్ని ఆటో ఎక్కించింది. ఈసారి నొప్పి రాకముందే లోపల పని జరిగిపోవచ్చు. ఆదివారం తెల్లవారుతూనే చీడికాడ బస్సు ఎక్కాను.

ఆ పొద్దు ఇప్పటికీ నాకు కలలో చూసినట్టే ఉంటుంది. మంచు ఎంత దట్టంగా ఉందంటే బస్సు దిగాక, అక్కడ నాకోసం కాచుకున్న పైడమ్మ చెయ్యి పట్టుకుని నడవాల్సి వచ్చింది. చెరకు తోటల మధ్య బాట. ఎక్కడో గానుగ మోటారు చప్పుడు, కానీ ఏ వైపు నుంచో తెలియదు. నడుస్తూ నడుస్తూ ఉండగా గాలి తియ్యబడింది. మంచు ఎక్కడ అయిపోయి ఆవిరి ఎక్కడ మొదలైందో చెప్పలేను. ఒక అడుగు చలిలో, ఇంకో అడుగు వెచ్చదనంలో వేశాను. కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూస్తే ఎదురుగా పెద్ద పెనం, అందులో బంగారు రంగు నురగ లేస్తూ అణుగుతూ ఉంది. దాని అంచున నూకరాజు.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వేలు పెదవుల మీద పెట్టి, మాట్లాడవద్దని సైగ చేశాడు. నేను చెరకు మోపు మీద కూర్చున్నాను. అతను తల వంచి వింటున్నాడు. అప్పుడు గమనించాను, నేను స్టూలు మీద ఎలా కూర్చుంటానో అచ్చం అలాగే నిలబడ్డాడు. పాకం ఉడుకుతోంది, ముందు గలగల, తర్వాత బుసబుస, తర్వాత బరువుగా దబ్ దబ్ అని. చప్పుడు మారుతుందని నాకూ తెలిసింది, ఎక్కడ మారిందో తెలియలేదు. అతను పుల్లతో కొంచెం పాకం తీసి గిన్నెడు చల్లనీళ్లలో వేశాడు. గట్టిపడిన ముద్దను వేళ్ల మధ్య నలిపి నోట్లో వేసుకున్నాడు. నాలుక మీద కాదు. కుడి బుగ్గలో. దవడ కదలలేదు. కళ్లు మూసుకున్నాడు. మంట దగ్గరి మనుషులు, పెనం చెవులు పట్టుకున్న మనుషులు, అందరూ అతని ముఖం వైపే చూస్తున్నారు. నేనూ ఊపిరి బిగపట్టాను. చెయ్యి ఎత్తాడు. నలుగురూ పెనం దించేశారు.

పాకం పోసి, అది చల్లబడుతుండగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"నాలిక ఉత్త తీపి సెప్తాదమ్మా. తీపి ఎవులికైనా తెలుత్తాది. రవ బుగ్గకి తెలుత్తాది. సన్న రవ, పిండి కంటా సన్నం. బుగ్గకి ఆనగానే దించీయాల. అప్పుడే బెల్లం దిమ్మ నిలబడతాది. ముందు దించితే ఎండలకి కారిపోతాది, ఎనక దించితే మాడిపోతాది. మా అయ్య నాకిది నేర్పడానికి నాలుగు సీజన్లు పట్టింది. బుగ్గ లోన సర్మం తీసేత్తే మల్లీ ఎవులు నేర్పుతారు? అయ్య నేడు."

 ఇరవై ఆరేళ్లుగా మనుషుల నోళ్లలో థర్మామీటర్లు పెట్టినదాన్ని. బుగ్గకు ఏమీ తెలియదని నవ్వినదాన్ని. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆవిరి అని సర్దుకున్నాను.

"తప్పయింది నూకరాజూ. ఆ వేళ నవ్వడం తప్పయింది."

"పోన్లెండమ్మా. మీ సెవిని మోసం సేత్తామని సూసేను, అదీ తప్పే. ఎలగ కనిపెట్టేరు?"

"నువ్వు పాకం విన్నట్టే."

మొదటిసారి నవ్వాడు. నవ్వి, లేచి, చెరకు పిప్పి కుప్ప వెనక్కి వెళ్లాడు. వినకూడదనుకున్నాను. కానీ నా చెవి నా మాట వినదు. ఒక చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క. మధ్యలో పళ్లు బిగించి ముక్కిన శబ్దం. దోనె నాచులో ఇరుక్కున్నప్పుడు నాన్న కొయ్యతో తోస్తూ తోస్తూ అలసిపోయేవాడు, ఆ శ్వాస. అతను తిరిగి వచ్చేసరికి ముఖమంతా చెమట. ఈసారి ఆ చెమట మంట వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

"చూడు" అన్నాను. "ఇలా ఇంకో రెండు నెలలు సాగితే కిడ్నీలు పోతాయి. అప్పుడు బుగ్గ ఉన్నా పెనం దగ్గర నిలబడలేవు. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోవాలి."

తల దించుకున్నాడు. అప్పుడు, ఎందుకు తోచిందో తెలియదు, అడిగాను.

"ఏ బుగ్గ?"

"ఏటమ్మా?"

"పాకం ఏ బుగ్గలో పెడతావు? రెండిటిలోనా?"

"కుడే. ఎప్పుడూ కుడే. కుడి పాకానికి, ఎడం అన్నానికి."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పైడమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎడంది ఇచ్చీరాదేటి మరి!"

"ఇత్తాను" అన్నాడు నూకరాజు కుడి బుగ్గ తడుముకుని. "కుడిది ముట్టుకోనని డాట్రుబావు తన నోటితో సెప్పాల. సెప్తే అప్పుడే వచ్చీత్తాను."

సోమవారం పొద్దున్నే డాక్టరుగారి గదికి వెళ్లి మొత్తం చెప్పాను, ఈసారి నా నవ్వుతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను ఎప్పుడూ ఎడమే తీస్తాను సిస్టర్" అన్నారు. "కుడిచేతి వాటం, నాకు అటు నిలబడటం వీలు. పదిహేనేళ్లుగా ఎడమే."

"అతనికి చెప్పలేదు సార్."

"అతను అడగలేదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "నేను చెప్పలేదు" అని మార్చుకున్నారు.

ఆయన అక్కడే ఫోను తీసుకుని పైడమ్మ నంబరుకు చేసి నూకరాజుతో మాట్లాడారు. అయితే పేచీ అంతటితో తీరలేదు. ఇరుకు పొడవు ఎక్కువైతే ఒక బుగ్గ పొర సరిపోదు, రెండో బుగ్గ కూడా కావాలి. ఆ ముక్క కూడా దాచకుండా చెప్పేశారు. తెలిసి కూడా నూకరాజు వచ్చాడు. మళ్లీ పొత్తికడుపు మీద గొట్టం వేసి, జ్వరం తగ్గించి, కొన్ని రోజులు ఆగి, మూత్రనాళంలోకి రంగు మందు పంపి ఎక్స్‌రే తీశారు.

ఫిల్మును వెలుతురు పెట్టెకు తగిలించినప్పుడు నేను డాక్టరుగారి పక్కనే ఉన్నాను. నల్లటి ఫిల్ములో తెల్లటి దారి. వెడల్పుగా వస్తూ వస్తూ ఒకచోట దారంలా సన్నబడి, మళ్లీ వెడల్పయింది. మంచులో చెరకు తోటల మధ్య నేను నడిచిన బాటే గుర్తుకొచ్చింది. డాక్టరుగారు స్కేలు పెట్టి కొలిచారు. ఇంకోసారి కొలిచారు. తలుపు సందులోంచి బెంచీ మీద నూకరాజు కనిపిస్తున్నాడు, కుడి బుగ్గ మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఒకటి చాలు" అన్నారు డాక్టరుగారు.

నేను పరుగెత్తాను. యాభై రెండేళ్ల వయసులో, యూనిఫారంలో, పది అడుగుల దూరానికి పరుగెత్తాను.

ఆపరేషన్ రోజు థియేటరుకు తీసుకెళ్లే ముందు మార్కరుతో ఎడమ దవడ మీద గుర్తు పెట్టాను. కోసే వైపు గుర్తు పెట్టడం మా పద్ధతి. నూకరాజు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు కుడి బుగ్గ చూపించాడు, తర్వాత ఎడమది. "ఇది నాదమ్మా. అది మీది" అన్నాడు. మత్తు డాక్టరు ఏమిటని అడిగితే, మా ఇద్దరి మధ్య ఒప్పందం అన్నాను.

అంతా సవ్యంగానే జరిగింది. ఎడమ బుగ్గ వాచి, చల్లటి పాలు తప్ప ఏదీ లోపలికి పోలేదు కొన్నాళ్లు. గొట్టం మూడు వారాలు ఉంచాం. ఆపరేషన్ అయిన నాలుగో రోజు నేను డ్యూటీలోకి వచ్చేసరికి పైడమ్మ కొంగు ముడిలోంచి చిటికెడు బెల్లం తీస్తోంది. నన్ను చూసి దాచబోయింది. "పెట్టు, చూద్దాం" అన్నాను. నూకరాజు నోరు సగమే తెరవగలిగాడు. బెల్లం కుడి బుగ్గలోకి తోసి కళ్లు మూసుకున్నాడు. వార్డులో ఎవరో దగ్గుతున్నారు, ఎవరిదో ఫోను మోగుతోంది. మేమిద్దరం ఆ ముఖం వైపే చూస్తూ నిలబడ్డాం, పెనం దించే మనుషుల్లా.

కళ్లు తెరిచి పెళ్లాన్ని కోపంగా చూశాడు. వాచిన నోటితో అన్నాడు, "నిరుటి బెల్లం తెచ్చేవేటే? రవ సచ్చిపోనాది."

పైడమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "అవునయ్యా, నిరుటిదే" అంది.

ఆ సీజనులో చాలా భాగం అతను పెనం దగ్గర లేడు. ఎడమ పెదవి చివర కొంచెం తిమ్మిరి మిగిలింది, అది పోలేదు. అన్నం తినేటప్పుడు మెతుకు అంటుకున్నా తెలియదట. మార్చి మొదట్లో, ఆఖరి బెల్లం వంటలు జరుగుతున్నప్పుడు, పరీక్షకు వచ్చాడు. బాటిల్లో నీళ్లన్నీ నా ఎదురుగా తాగేసి, ఇక ఆగలేనన్నాక ఖాళీ బాటిలు నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లాడు.

నాలుగు చుక్కలు. సన్న తీగ. తర్వాత ధార. లోతు నీళ్లలోకి వచ్చాక దోనె ఇంక ఎక్కడా తగలదు, నాన్న కొయ్య ఎత్తేసి ఊరికే కూర్చుంటాడు. నేను కళ్లు మూసుకున్నాను. మెల్లగా తగ్గింది, చివర రెండు చుక్కలు పడ్డాయి. గీత చూడకుండానే లోపలికి వెళ్లి బీకరును రెండు చేతులతో పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

ఆ తర్వాత నా ఉద్యోగంలో మారింది ఒక్కటే. ఆపరేషన్ చెప్పిన ప్రతి మనిషి పక్కనా ఒక నిమిషం కూర్చుని, నువ్వేం పని చేస్తావు, దేంతో చేస్తావు అని అడుగుతాను. ఎక్కువమంది చేతులు చూపిస్తారు. ఒకాయన మోకాలు చూపించాడు. ఒకావిడ గొంతు తాకి చూపించింది. నేను నవ్వడం మానేశాను.

ఆ రోజు వెళ్లేముందు నూకరాజు కాగితం పొట్లం ఇచ్చాడు. ముందురోజు తను దించిన పెనంలోది. అతను మెట్లు దిగి వెళ్లాక, తర్వాతి పేషెంటును పిలవకుండా, స్టూలు మీద కూర్చుని చిన్న ముక్క తీశాను. నాలుకకు తగలనివ్వకుండా కుడి బుగ్గలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కదలకుండా చాలాసేపు ఆగాను. రవ కోసం వెతికాను. నా బుగ్గకు ఏమీ తెలియలేదు. తియ్యగా ఉంది, అంతే.